చెప్పులు విడిచే గడప దగ్గర

హైదరాబాద్ రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) డైరెక్టర్ గారికి, బీబీనగర్ ఎయిమ్స్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

బేసింగ్‌స్టోక్, ఇంగ్లండ్



2025 జులైలో మీ రెండు సంస్థలు కలిసి బీబీనగర్‌లో ఒక కార్బన్ ఫైబర్ పాదాన్ని లోకానికి చూపించాయి. పేరు అడిడాక్. 125 కిలోల బరువు మోయగలదని పరీక్షించి తేల్చారు. మనిషి బరువును బట్టి మూడు రకాలు చేశారు. విదేశాల నుంచి తెచ్చుకునే అలాంటి పాదం దాదాపు రూ.2 లక్షలు పలుకుతుంటే, ఇది రూ.20 వేల లోపు ఖర్చుతోనే తయారవుతుందని ప్రకటించారు. కాలు పోయిన మనిషి ఉన్న ఇంట్లో ఈ రెండు అంకెలకూ మధ్య తేడా చాలా పెద్దది. పాలిచ్చే బర్రెలను అమ్ముకోవడమా, ఉంచుకోవడమా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

ఇంత మంచి పని చేసినందుకు ముందు కృతజ్ఞతలు. ఆ తర్వాతే విన్నపం.

ఈ లేఖ వస్తున్న ఊరు పేరు తెలుగువాళ్లకు పెద్దగా తెలియదు. లండన్ వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే గంటలోపే బేసింగ్‌స్టోక్ వస్తుంది. రౌండెబౌట్లు ఎక్కువని ఈ ఊరిని సరదాగా డోనట్ సిటీ అంటుంటారు. థామస్ బర్‌బెరీ 1856లో తన మొదటి బట్టల కొట్టు తెరిచింది ఇక్కడే. వానకు తడవని గాబర్డీన్ బట్టను ఆయన 1879లో కనిపెట్టాడు. ఆరుబయట తిరిగేవాళ్లకు ఏం కావాలో చూసి దానికి తగ్గ బట్ట నేయించిన మనిషి. అదే ఊళ్లో కాళ్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది. దాని పేరు బ్లాచ్‌ఫోర్డ్.

1890లో చార్లెస్ బ్లాచ్‌ఫోర్డ్ లండన్‌లో పెట్టిన సంస్థ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైనికులు 41 వేల మందికి పైగా కాలో చెయ్యో పోగొట్టుకున్నారు. ఆ దెబ్బతో కృత్రిమ అవయవాల తయారీ ఇక్కడ ఒక పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ఆనాటి కాలంటే చెక్క, తోలు, రేకు. 1980లకు వచ్చేసరికి బ్లాచ్‌ఫోర్డ్ ఎండోలైట్ పేరుతో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చింది. ఆ పేరు భారతదేశంలో కృత్రిమ కాళ్లు వాడేవాళ్లలో చాలామందికి తెలిసిందే.

ఈ ఊరి పనితనం తెలియాలంటే 1993లో వచ్చిన మోకాలిని దగ్గరగా చూడాలి. అంతకు ముందు తొడ దగ్గర కాలు పోయినవాళ్లకు పెట్టే మోకాలిలో గాలి సిలిండరు ఒకటి ఉండేది. దానికో చిన్న సూది కవాటం. కాలు వెనక్కి మడిచి ముందుకు వేసేటప్పుడు పిక్క భాగం ఎంత వేగంగా ఊగాలో ఆ కవాటమే నిర్ణయించేది. చిక్కేమిటంటే, నిపుణుడు దాన్ని ఒక్క వేగానికే బిగించి పంపేవాడు. బస్సు కోసం గబగబా నడిస్తే కాలు వెనకబడేది. పసిపిల్లాడి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిస్తే ముందుకు తన్నుకొచ్చేది. జపాన్‌లోని కోబేలో ఈ చిక్కుకు ఒక ఆలోచన పుట్టింది. దాన్ని బజారులోకి వచ్చే వస్తువుగా మలిచింది బ్లాచ్‌ఫోర్డ్. మోకాలిలోని అయస్కాంతం, సెన్సరు కలిసి ఒక్కో అడుగు ఊపుకు ఎంత సమయం పట్టిందో కొలుస్తాయి. ఆ లెక్క చూసి చిన్న మోటారు సూది కవాటాన్ని ఆ క్షణానికి తగ్గట్టు తిప్పుతుంది. దాంతో మనిషి తన నడక కాలికి చెప్పగలిగాడు. అంతకు ముందు కాలు ఎలా చెబితే మనిషి అలా నడవాల్సి వచ్చేది.

తర్వాత ద్రవం నింపిన చీలమండ వచ్చింది. వాలు నేల మీద అది కొన్ని డిగ్రీలు తనంతట తానే వంగుతుంది, అడుగు ఎత్తినప్పుడు వేళ్లు నేలకు తగలకుండా చూస్తుంది. ఆపైన మోకాలినీ పాదాన్నీ ఒకే మెదడుతో నడిపించే లింక్స్ వచ్చింది. దానికి 2016లో బ్రిటన్ రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ మాక్‌రాబర్ట్ అవార్డు ఇచ్చింది. అక్కడి ఇంజనీర్లకు అంతకు మించిన గౌరవం లేదంటారు. ఆ బృందానికి నాయకుడు ప్రొఫెసర్ సయీద్ జాహెదీ.

ఇవన్నీ ఎంత గొప్పవైనా, తయారైంది బూట్లు వేసుకుని తిరిగే దేశంలో. విన్నపం ఇక్కడి నుంచి మొదలు.

కృత్రిమ పాదాన్ని అమర్చే నిపుణుడు మనిషిని నిలబెట్టి కాలి నిలువును సరిచూస్తాడు. ఆ సమయంలో మనిషి బూటు వేసుకునే ఉంటాడు. చాలా కార్బన్ పాదాలను బూటు మడమ ముందు భాగం కన్నా 10 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుందన్న లెక్కతోనే తయారుచేస్తారు. ఇంగ్లండ్‌లో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ఇక భువనగిరి దగ్గర ఏదో ఒక ఊళ్లో సాయంత్రం పని నుంచి ఇంటికి వచ్చిన మనిషిని ఊహించండి. గడప దగ్గర బూటు విప్పుతాడు. మడమ కింద 10 మిల్లీమీటర్లు మాయమవుతాయి. పాదం మూడు, నాలుగు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. పాదంతో పాటు పైనున్న గొట్టం, మిగిలిన కాలు ఇమిడే సాకెట్, మోకాలు అన్నీ వాలతాయి. మోకాలి ఎత్తుకు వచ్చేసరికి ఆ వాలు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. చదునైన సొంత వంటింట్లో ఆ మనిషి ఎత్తు ఎక్కుతున్నట్టు నడుస్తాడు. మోకాలు ప్రతి అడుగుకీ వెనక్కి నెట్టుకుంటుంది. నడుము దాన్ని మోస్తుంది.

పాదం మీద చర్మంలా ఉండే పైతొడుగు సంగతి కూడా అంతే. బూటు లోపల దాగుతుందని చేసిన తొడుగు గరుకు సిమెంటు నేల మీద, వాకిట్లో, కళ్లంలో ఎన్నాళ్లు నిలుస్తుంది? బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందు లేకపోతే రబ్బరు చెప్పు తొడగడం ఎలా? ఆ సందు ఉన్న తొడుగులను కంపెనీలు ఇప్పటికే చేస్తున్నాయి. మడమ ఎత్తును మనిషే మీట నొక్కి సర్దుకునే పాదాలు కూడా పాశ్చాత్య దేశాల్లో ఉన్నాయి. అక్కడ వాటి ప్రధాన ప్రయోజనం ఎత్తు మడమల బూట్లు మార్చుకోవడం. తెలుగు ఇంట్లో అదే మీట రోజుకు పదిసార్లు అక్కరకొస్తుంది.

వట్టికాళ్ల సంగతి భారతదేశంలో ఎవరూ పట్టించుకోలేదని కాదు. 1960ల చివర జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన పాదం ఈ బాధలోంచే పుట్టింది. అప్పట్లో అమెరికా నమూనా పాదాలు ఇచ్చి పంపిన రోగులు కొన్నాళ్లకే వాటిని మూలన పెట్టి చంకకర్రలతో తిరిగి వచ్చేవారు. బూటు లేకుండా నడవలేరు, గొంతుక్కూర్చోలేరు, మడిలో దిగలేరు. శర్మ రబ్బరుతో, చెక్కతో, వేళ్లతో సహా అసలు పాదంలా కనిపించే పాదం చేశాడు. బూటు అక్కర్లేదు. తడిసినా పర్వాలేదు. 1981లో ప్రమాదం వల్ల కుడికాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ ఆ పాదంతోనే మళ్లీ భరతనాట్యం చేసింది. 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'లో తన కథను తనే నటించింది. ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న తెలుగువాళ్లలో ఒక చిన్న విషయం గమనించినవాళ్లు ఎందరో తెలియదు కానీ, గమనించాల్సిన విషయం అదే. భరతనాట్యం వట్టికాళ్లతో చేసే నాట్యం. బూటు లెక్కతో చేసిన పాదమైతే ఆమె వేదిక ఎక్కడమే కష్టమయ్యేది.

జైపూర్ పాదానికి లోపాలున్నాయి. బరువు ఎక్కువ. చేతిపని కాబట్టి ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. కార్బన్ పాదం మడమ ఆనగానే విల్లులా వంగి, తిరిగి లేచేటప్పుడు ఆ శక్తిని అడుగుకు ఇస్తుంది. రబ్బరు పాదం అంత ఇవ్వలేదు. మీ పాదం గొప్పతనం అక్కడే. ఆ విల్లునూ జైపూర్ పాదం గుణాన్నీ ఒకే వస్తువులోకి తెచ్చే అవకాశం దేశంలో మొదట మీ చేతికే వచ్చింది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ఇక కూర్చోవడం. కృత్రిమ కాలు గురించి ఎక్కడ చదివినా నడక మాటే. తెలుగు ఊళ్లో కాలికి నడక ఎంత పనో కూర్చోవడం అంత పని. భోజనానికి మఠం వేసుకోవాలి. పెళ్లిలో పీటల మీద కూర్చోవాలి. బావి గట్టు దగ్గర, కూరగాయల బుట్ట ముందు, పాత పద్ధతి మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవాలి. షేర్ ఆటోలో ఏడో మనిషిగా ఇరుక్కోవాలి. 2022లో ఐఐటీ మద్రాసులోని ఆర్2డీ2 కేంద్రం 'కదమ్' అనే మోకాలిని తెచ్చింది. అందులో డీఆర్‌డీఓతో ముడిపడిన సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ, బెంగళూరు మొబిలిటీ ఇండియా కూడా భాగస్వాములు. అది 160 డిగ్రీల దాకా మడుచుకుంటుంది. ఇరుకు బస్సు సీట్లలో, ఆటోల్లో కూర్చోవడాన్ని తలచుకునే ఆ కొలత పెట్టారు. తొడ దగ్గర కాలు పోయినవాళ్లకు మీ పాదం ఆ మోకాలితో జత కుదిరితే ఎంత బాగుంటుంది! హైదరాబాద్‌కూ చెన్నైకీ మధ్య దూరం అంత ఎక్కువేం కాదు.

చెమట మాట మర్చిపోకూడదు. సాకెట్ లోపల, మిగిలిన కాలికి తొడిగే సిలికాన్ తొడుగు గాలి ఆడనివ్వదు. చెమట పట్టి కాలు జారుతుంది, చర్మం రాపిడికి పుండవుతుంది. షుగర్ ఉన్న మనిషికి ఆ పుండు ఇంకో ఆపరేషన్ దాకా తీసుకుపోగలదు. ఎండాకాలంలోనూ పెద్దగా ఎండ కాయని ఈ హాంప్‌షైర్ జిల్లాలోనే చెమట బయటికి పోవడానికి సన్నని రంధ్రాలున్న తొడుగు కావాలని ఇంజనీర్లకు తోచింది. బ్లాచ్‌ఫోర్డ్ దాన్ని సిల్కేర్ బ్రీత్ పేరుతో అమ్ముతోంది. మే నెలలో 45 డిగ్రీలు కాసే నల్గొండ, రామగుండం జనానికి ఆ తొడుగు ఇంకెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పాదానికి రూ.20 వేలు పెట్టి, ఒంటికి తగిలే తొడుగు దగ్గర పొదుపు చేస్తే పాదం అటక ఎక్కుతుంది.

మీ ప్రయోగశాలకు ఈ దారి కొత్తది కాదని తెలుగువాళ్లందరికీ గర్వం. అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో క్షిపణులు చేయిస్తున్న రోజుల్లో నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చారు. క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు కాళ్లకు కట్టిన, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లోనే 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లల నడక తనకు ఎంతో ఆనందమిచ్చిందని కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. ఆ కథను అందరూ చెప్పుకుంటారు. అందులో ఆ వైద్యుడు చేసిన పని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆయన శాస్త్రవేత్తను వార్డులోకి నడిపించాడు. బల్ల మీద పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

ఆ పిల్లలు ఇప్పుడు నడివయసువాళ్లు. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. పోలియో పోయింది, పోలియో కాళ్లు పోలేదు. ఒళ్లు బరువెక్కి, భుజాలు అరిగి, కొత్త క్యాలిపర్ కోసం వెతుక్కునే తరం ఇది. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ కూడా మీకు దూరం కాదు. బీబీనగర్ 2016 దాకా నల్గొండ జిల్లాలోదే. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలో అయినా, ఫ్లోరైడ్ అనగానే ఈనాటికీ జనానికి గుర్తొచ్చేది నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్ల బాధను దేశమంతటికీ వినిపించిన శివన్నగూడెం బాధితుడు అంశల స్వామి 2023 జనవరిలో బ్యాటరీ బండి మీంచి పడి చనిపోయారు. వంగిపోయిన ఎముకలకు తగ్గట్టు ఒరగని బండి, ఆగాల్సిన చోట ఆగే చక్రం, పట్టుకోవడానికి వీలైన పిడి కూడా మీరు చేసే పాదంతో సమానమైన రూపకల్పనే. అవి చూడ్డానికి చిన్న పనుల్లా కనిపిస్తాయి కాబట్టి ఎవరి బల్ల మీదికీ రావు.

అంతకన్నా చిన్నది చంకకర్ర చివరనుండే రబ్బరు టోపీ. అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున గుండ్రని గాడులుంటాయి. అవి అరిగి నున్నగా మారితే తడి గచ్చు మీద కర్ర జారుతుంది. దానితో పాటే మనిషి. ఇంగ్లండ్‌లో మందుల దుకాణంలో కొన్ని పౌండ్లు ఇస్తే కొత్తది దొరుకుతుంది. ఊళ్లలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి సుతిలితో కట్టుకుంటారు. క్షిపణులు చేసే ప్రయోగశాలను రబ్బరు టోపీ అడగడం అమర్యాద అనుకోకండి. సరైన రబ్బరు ఏదో, గాడి ఎంత లోతుండాలో, ఎన్ని అడుగులకు మార్చాలో తేల్చగలిగినవారు మీరే.

అడుగుల లెక్క ఎత్తాం కాబట్టి ఇంకొక్క మాట. కృత్రిమ కాళ్ల బలాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10328. దాని ప్రకారం కాలిని 30 లక్షల సార్లు నొక్కి చూస్తారు. రోజుకు 5,000 అడుగులు వేసే మనిషిలో ఒక్కో కాలి మీద పడేవి 2,500. అంటే 1,200 రోజులు, మూడేళ్లు దాటి కొన్ని నెలలు. పొలం పనికి, ఇటుక బట్టీ పనికి పోయే మనిషికి ఆ లెక్క ఇంకా ముందే నిండుతుంది. ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి? బోల్టు వదులైతే, తొడుగు చిరిగితే, కాలు సన్నబడి సాకెట్ వదులైతే? తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు రూ.4,016. మీ పాదం తయారీ ఖర్చే దాదాపు ఐదు నెలల పింఛను. సాకెట్, గొట్టం, అమర్చేవారి కూలీ, హైదరాబాద్ రానుపోను ఛార్జీలు, తోడొచ్చినవాళ్ల పని నష్టం దానికి అదనం. సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ చేతికిచ్చే రోజునే అదే జిల్లా ఆసుపత్రిలో కాలు కొలత తీసుకుని, మరమ్మతు తేదీ కూడా రాసిచ్చే ఏర్పాటు ఉంటే ఆ భారంలో సగం తగ్గుతుంది.

ఇంగ్లండ్ ఈ విషయంలో ఆదర్శమేమీ కాదు. 1993లో ఈ ఊళ్లో చిప్ ఉన్న మోకాలు వచ్చింది. నిలబడ్డప్పుడూ నడిచినప్పుడూ ఆసరా ఇచ్చే చిప్ మోకాళ్లను అర్హులైన సాధారణ రోగులకు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌హెచ్ఎస్ ఇంగ్లండ్ నిర్ణయించింది 2016 డిసెంబరులో. మధ్యలో 23 ఏళ్లు. అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల్లో కాళ్లు పోగొట్టుకున్న సైనికులకు మంచి కాళ్లు ఇవ్వాలని 2011లో ఆండ్రూ మరిసన్ నివేదిక గట్టిగా చెప్పాకే దారి తెరుచుకుంది. సైనికుడికి ఇచ్చి బస్సు డ్రైవరుకు ఎందుకివ్వరన్న ప్రశ్న ఆ తర్వాత ఆగలేదు. రక్షణ శాఖ ప్రయోగశాలలో పుట్టిన పాదం కాబట్టి, అది జవానుకూ కూలీకీ ఒకే ఏడాది చేరేలా చూడడం మీ వల్ల అయ్యే పని.

కాబట్టి విన్నపం ఇది. అడిడాక్ తర్వాతి రూపానికి పరీక్షల జాబితా రాసేటప్పుడు, ప్రయోగశాల యంత్రం పక్కనే ఒక ఇంటిని కూడా చేర్చండి. గడప, సిమెంటు వాకిలి, చాప, పీట, తడి మరుగుదొడ్డి ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో మనిషి బూటు విప్పాక నిలువు ఎన్ని డిగ్రీలు మారిందో కొలవండి. పైతొడుగు ఎన్ని వారాలకు చిరిగిందో రాయండి. ఆ అంకెలను 125 కిలోల అంకె పక్కనే ప్రచురించండి. పరీక్షకు వచ్చే వికలాంగులకు రోజు కూలీ ఇవ్వండి. వాళ్లు ఆ పనిలో నిపుణులు. ఎయిమ్స్‌తో పాటు నిమ్స్‌నూ, 1985 నుంచి ఎముకలు, కాళ్ల బాధలకే అంకితమై టీటీడీ నడుపుతున్న తిరుపతి బర్డ్ ఆసుపత్రినీ కలుపుకోండి. బర్డ్‌కు దగ్గరలోనే అలిపిరి ఉంది. అక్కడ 3,550 మెట్లు, ఎక్కేవాళ్లలో చెప్పులు వేసుకునేవాళ్లు తక్కువ. పాదాన్ని పరీక్షించడానికి మొదట వంద మెట్లు చాలు. యాదగిరిగుట్ట అయితే బీబీనగర్ ఉన్న జిల్లాలోనే ఉంది.

బేసింగ్‌స్టోక్‌లో ఈ సాయంత్రం వాన పడుతోంది. రైలు దిగినవాళ్లు బూట్లతోనే ఇళ్లలోకి నడుస్తున్నారు. ఈ వీధిలో ఒకే ఒక్క ఇంటి గుమ్మం బయట చెప్పుల స్టాండు ఉంది. లోపలి నుంచి పోపు వాసన వస్తోంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
బేసింగ్‌స్టోక్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు